మీనా బజారు, ఎనిమిదో తరగతి గది

మొన్న ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఉంటే మా అమ్మాయి వచ్చి, మనవరాలి బడి తల్లిదండ్రుల గ్రూపులో ఇకనుంచి తన బదులు నన్ను ఉండమని చెప్పి నా ఫోన్‌లో ఏదో నొక్కి వెళ్లిపోయింది. ఆఫీసు పనిలో ఆ మెసేజీలు చదివే తీరిక తనకు లేదట, రిటైరైన టీచరుకు ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకదట. చదువుదును కదా, బడికి కొత్త ఆటస్థలం కావాలి, నిధులు ఎలా పోగు చేద్దామో సలహాలు చెప్పండని ఒకరు అడిగితే, ఒకరు పరుగు పందెం అన్నారు, ఒకరు కేకుల అమ్మకం అన్నారు, ఇంకెవరో ఈ తిప్పలన్నీ ఎందుకండీ, స్కాన్ చేసే కోడ్ ఒకటి పెడితే తలా ఇంత పంపేస్తాం, ఎవరూ సెలవు పెట్టనక్కర్లేదు అన్నారు. దాని కింద బొటనవేళ్లు బారులు తీరాయి. చివర ఒక పట్టిక వచ్చింది, అందులో మూడే గళ్లు: పేరు, పిల్ల తరగతి, మీరు ఏమివ్వగలరు. ఆ మూడో గడి దగ్గర నా వేలు ఆగిపోయింది.

నా వయసు వాళ్లకైతే విడమరిచి చెప్పక్కర్లేదు, ఉద్యోగం వచ్చిన కొత్తలో మనకు తెలియనిది లోకంలో ఏమీ ఉండదు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, హుస్సేనీ ఆలంలోని ఒక ఆడపిల్లల బడిలో చేరేనాటికి నేనూ అలాగే ఉండేదాన్ని. మా నాన్నగారు కోస్తా నుంచి గవర్నమెంటు ఉద్యోగం మీద వచ్చి సైదాబాద్‌లో ఇల్లు తీసుకున్నారు కాబట్టి, పుట్టింది ఈ ఊళ్లోనే అయినా పాతబస్తీ నాకు బస్సు కిటికీలోంచి చూసినంతే తెలుసు. రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని, సాయంత్రం నేను వచ్చేదాకా మా అమ్మ గుమ్మంలోనే ఉండేది.

బడి ఒక పాతకాలపు ఇంట్లో ఉండేది. మధ్యలో పెద్ద వాకిలి, ఒక పక్క తెలుగు తరగతులు, ఇంకో పక్క ఉర్దూ తరగతులు, ప్రార్థన మాత్రం అందరికీ ఒకటే. అయితే ఏడో తరగతితో బడి సరి. ఆ పైన చదవాలంటే పెద్ద రోడ్లు దాటి, మగపిల్లలతో కలిసి కూర్చునే హైస్కూలుకు పోవాలి, ఇళ్లల్లో అందుకు ఒప్పుకునేవారు కారు. ఏటా వేసవి దాటేసరికి, నిన్నటిదాకా నా ఎదుట కూర్చుని లెక్కలు చేసిన పిల్ల ఏ గాజుల దుకాణం వెనకో పూసలు అతుకుతూ కనిపించేది, నన్ను చూసి తల దించుకునేది. తల్లిదండ్రులు ఒక గది కట్టించి ఇస్తే ఎనిమిదో తరగతికి టీచర్లను తామిస్తామని యాజమాన్యం మాటిచ్చింది. గది వస్తే తొమ్మిదీ పదీ కూడా వాటంతటవే వస్తాయని మా పెద్ద టీచరమ్మ ఆశ.

అలా మా బడి తల్లిదండ్రుల సంఘం మొదలైంది, పేరుకే తల్లిదండ్రులు, వచ్చేవారంతా తండ్రులే. ఆదివారం పొద్దున బెంచీల మీద కూర్చుని హోటల్ నుంచి చాయ్ తెప్పించుకునేవారు. లాటరీ అన్నారు, సినిమా షో అన్నారు, ఖవ్వాలీ పెట్టిద్దామన్నారు. మాటలు కోటలు దాటాయి కానీ ఆరు నెలలు గడిచినా గదికి ఒక్క ఇటుక రాలేదు. అందరికంటే గట్టిగా మాట్లాడే అధ్యక్షుడు ప్రతివారం వచ్చేవారం తేల్చేద్దామని లేచేవాడు. తల్లులను ఒకసారి అడిగి చూద్దామన్న ఊహ వాళ్లకు రాలేదు, నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు.

ఆ ఊహ ఇచ్చింది ధూల్‌పేట్ నుంచి వచ్చే ఒక పిల్ల తల్లి. వినాయకుడి విగ్రహాలు చేసే ఇల్లు వాళ్లది. మెట్టినింట్లో అందరూ హిందీ మాట్లాడుతున్నా, తన పుట్టింటి భాష కదా అని పట్టుబట్టి కూతుర్ని తెలుగు మీడియంలో వేసింది. ఆ పిల్ల అప్పుడు నా ఏడో తరగతిలో ఉంది, అన్నింటా ఫస్టు. రోజూ కూతుర్ని దింపడానికి వచ్చే ఆ తల్లి, గోళ్లలో రంగు అలాగే ఉన్న చేతులతో గేటు పట్టుకుని ఒకరోజు నన్ను పిలిచింది. "మొగోళ్లు చాయ్ తాగుడే గని అయ్యేదేముంది టీచరమ్మా. మీనా బజార్ పెట్టుండ్రి, మేమంతా వస్తం," అంది.

మీనా బజారంటే ఆ బస్తీలో ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది. అమ్మేదీ ఆడవాళ్లే, కొనేదీ ఆడవాళ్లే, ఆ పూట లోపలికి మగపురుగు రాకూడదు, అందుకే బురఖాలు తీసి కొయ్యకు తగిలించి హాయిగా తిరుగుతారు. ఒక్క కబురుతో ఇల్లిల్లూ కదిలింది. ఉర్దూ తరగతుల తల్లులు దహీవడలూ ఖుబానీ మీఠా చేస్తామన్నారు, తెలుగు తరగతుల వాళ్లు సకినాలూ మిర్చి బజ్జీలూ అన్నారు, ధూల్‌పేట్ తల్లి విగ్రహాల మట్టితోనే పిల్లలు ఆడుకునే గురుగులు, బుల్లి బుల్లి కుండలు చేసి రంగులద్దింది. ఆ రోజు మా వాకిలి నిండింది. ఏళ్ల తరబడి గేటు బయటే నిలబడిన తల్లులు మొదటిసారి తమ పిల్లల తరగతుల్లోకి వచ్చి, వాళ్ల బెంచీల మీద కూర్చుని, పలకలు చూసుకుని మురిసిపోతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

చదవేస్తే ఉన్నమతి పోయిందన్నట్టు, పాడు చేసింది నేనే. ఇంత పండుగకు ప్రారంభోత్సవం లేకపోతే ఏం బాగుంటుందని, విద్యాశాఖలో ఒక పెద్దాయనకు ఆహ్వానం రాసి పంపాను, తల్లులందరూ సంతోషిస్తారని ఎవరికీ చెప్పకుండా దాచాను. పదింటికి రావలసినాయన పదకొండున్నర దాటాక, వాకిలి కిటకిటలాడుతున్నప్పుడు, ఫోటోగ్రాఫరునూ మరి నలుగురినీ వెంటబెట్టుకుని నేరుగా లోపలికి వచ్చేశాడు. ఆయన తప్పేమీ లేదు, పిలిచాం, వచ్చాడు. ఒక్కసారిగా ఉర్దూ తరగతుల తల్లులందరూ బురఖాలు తగిలించిన అయిదో తరగతి గదిలోకి పరుగెత్తారు. కొయ్యలకున్న బురఖాలన్నీ నల్లగా ఒకేలా ఉన్నాయేమో, ఎవరి చేతికి ఏది దొరికితే అది వేసుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని వెనక తలుపు గుండా వెళ్లిపోయారు, మిగతా తల్లులూ వాళ్ల వెంటే నడిచారు. దహీవడల గిన్నెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆ పెద్దాయన పాపం కత్తెర పట్టుకుని కాసేపు నిలబడి, నాకంటే ఎక్కువ సిగ్గుపడి వెళ్లిపోయాడు.

ఖాళీ వాకిట్లో ధూల్‌పేట్ తల్లి ఒక్కతే తన గురుగులను గడ్డిలో చుట్టి బుట్టలో సర్దుకుంటోంది. నేను ఏడుపు ఆపుకుంటూ దగ్గరికి వెళితే, "ఫికర్ చేయకుండ్రి. ముందుగల్ల మాకు ఒక్క మాట చెప్తె అయిపోతుండె గదా," అంది.

ఆ సగం బజారుతో వచ్చినదానికి గోడలు లేచి కిటికీల ఎత్తున ఆగిపోయాయి. కప్పు వచ్చే ఏడాదేనని మేస్త్రీ చెప్పాడు, నేనే ఆ మాట తల్లులకు చేరవేశాను.

వేసవి ముందు ఏడో తరగతి పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష రోజున మా ఫస్టు పిల్ల రాలేదు. జ్వరమేమోనని పరీక్ష అవగానే రిక్షా ఎక్కి ధూల్‌పేట్ వెళ్లాను. ఇంకా రంగు పడని విగ్రహాలు వరసగా ఎండలో ఆరుతున్నాయి, తల్లి రంగు కలుపుతోంది, పిల్ల గోడ పక్కన కూర్చుని నా వైపు చూడడం లేదు. జ్వరమూ లేదు, ఏమీ లేదు, నేనే పంపలేదు అంది తల్లి.

"గది ఈయేడు కాదని మీరే అంటిరి. ఇది పాసైతె వాళ్ల బాపు సదువు అయిపోయింది ఇంట్ల కూసోమంటడు. తప్పితె ఇంకో యాడాది పంపుతడు. ఎత్తుకున్న పని సగంల ఇడ్సే మనిషి కాదాయన," అంది గొంతు తగ్గించి.

నాకు కోపం ముక్కు మీదే ఉండేది ఆ రోజుల్లో. కన్నతల్లివై ఉండి ఫస్టు వచ్చే పిల్ల నెత్తిన ఫెయిలు ముద్ర వేస్తావా అని నోటికి వచ్చినదంతా అన్నాను. ఆమె రంగు కలుపుతూనే ఉంది. తిరుగు బస్సులో, చాదర్‌ఘాట్ దాటుతుండగా, నేను ఆ ఆహ్వానం రాయకపోయి ఉంటే ఈ పాటికి గదికి కప్పు పడి ఉండేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. ఆమెకు అది ముందే తట్టి ఉండాలి. కొంగు అడ్డం పెట్టుకుని సైదాబాద్ దాకా ఏడుస్తూనే వచ్చాను.

ఆ పిల్ల మళ్లీ నా ఏడో తరగతిలోనే, తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చుంది. అన్ని ప్రశ్నలకూ జవాబు తెలిసి కూడా చెయ్యెత్తేది కాదు.

రెండో ఏడు మీనా బజారు తల్లులే నడిపారు. మంగళవారం మధ్యాహ్నాలు అయిదో తరగతి గదిలో చేరేవారు, నేను వెనక బెంచీలో కూర్చుని వాళ్లు చెప్పినది రాసుకునేదాన్ని. ప్రతి బురఖాకూ ఒక్కో రంగు దారం కట్టించారు. తండ్రులందరూ గల్లీలోనే ఉండాలని, తలుపు కాయడమూ చంటిపిల్లల్ని ఎత్తుకోవడమూ వాళ్ల పనేనని తీర్మానించారు. పెద్దాయనను మళ్లీ పిలవాలని పట్టుబట్టింది ధూల్‌పేట్ తల్లే. రిబ్బను తలుపుకు బయటివైపు కట్టింది. ఆయన నవ్వుకుంటూ గల్లీలోనే దాన్ని కత్తిరించి, స్త్రీ విద్య మీద మూసిన తలుపుకే చక్కగా ఉపన్యాసమిచ్చాడు. లోపల బజ్జీల పొగలో మాకు ఆయన దగ్గు తప్ప ఏమీ వినిపించలేదు. మా సంఘం అధ్యక్షుడు రెండు చంకల్లో ఇద్దరు పిల్లలతో, ఇంకెంతసేపని అయిదు నిమిషాలకోసారి తలుపు సందులోంచి అడుగుతూనే ఉన్నాడు.

ఆ వేసవిలోనే కప్పు పడింది. జూన్‌లో ఎనిమిదో తరగతి రిజిస్టరు తెరిచి మొదటి పేరు నేనే రాశాను, ఎవరిదో చెప్పక్కర్లేదు కదా. పక్కన ఏడో తరగతి ఎన్నో సారికి పాసైందో రాసే గడి ఒకటి ఉండేది. అందులో 'రెండోసారి' అని రాసిన చెయ్యి ఇదే. పిల్ల పది దాకా అక్కడే చదివి ఫస్టు క్లాసులో పాసైంది. మార్కుల కాగితం తీసుకోవడానికి తల్లీ తండ్రీ ఇద్దరూ వచ్చారు. తండ్రి గేటు దగ్గరే నిలబడితే, ఆమె లోపలికి వచ్చి నాకు ఒక జత గురుగులిచ్చింది. ఆ రోజైనా క్షమాపణ అడిగి ఉండాల్సింది. నావల్ల నీ బిడ్డకు ఏడాది పోయింది, పైగా నిన్నే తిట్టాను, క్షమించమ్మా అని నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఇతర టీచర్లున్నారు, మొహమాటపడ్డాను, మళ్లీ కలిసినప్పుడు చెప్పవచ్చులే అనుకున్నాను. మళ్లీ కలవలేదు.

మొన్నటి ఆదివారం సాయంత్రం మా అమ్మాయి ఇంటికొచ్చాక, తల్లులందరూ ఏ రోజు కలుద్దామంటున్నారని అడిగాను. ఎవరూ కలవనక్కర్లేదమ్మా, డబ్బులన్నీ మధ్యాహ్నానికే వచ్చేశాయి, వచ్చే నెలకల్లా ఆటస్థలం తయారవుతుంది అంది. మంచిదే, పిల్లలు ఎదురుచూసే పని లేదు. ఆ గ్రూపులో ఎవరికీ ఎవరి మొహమూ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. నేను లేచి వెళ్లి, అలమరలో పిన్నీసులు వేసుకునే ఆ గురిగిని తీసి తుడిచాను. రెండింటిలో ఒకటే మిగిలింది, అంచున రంగు ఇంకా ఉంది. మీరు ఏమివ్వగలరు అని ఆమెను మేమెవరమూ అడగలేదు. తన బిడ్డ ఏడాదిని తీసి ఇచ్చింది, అది ఎవరి తప్పుకు చెల్లించిందో తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు.