తెరకు స్నానం చేయించిన మాస్టారు

సినిమా చెడగొట్టిన వాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. కథ రాసి కొందరు, నటించి కొందరు. ట్యాంకరు నీళ్లతో చెడగొట్టిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. పైగా నేను సైన్సు మాస్టార్ని. ఈ రెండో సంగతైనా దాచుకుందామనుకున్నాను, ఊరు దాచనిస్తేగా!

అప్పట్లో బస్తర్‌లో ఇనుప గనుల టౌన్‌షిప్పులో పాఠాలు చెప్పేవాణ్ణి. గని అంటే ఎర్రదుమ్ము. తెల్లచొక్కా తొడుక్కుని బయల్దేరితే బడికి చేరేసరికి నేనొక ఇటుకని. ఆదివారం మైదానంలో తెలుగు సినిమా వేసేవాళ్లం, ఆ కమిటీకి కార్యదర్శిని నేను. తెర ముందు కుర్చీలు ఆఫీసర్లకీ కుటుంబాలకీ. తెర వెనక గోనెపట్టాలు కూలీలకీ డ్రైవర్లకీ. వెనకవాళ్లకి బొమ్మ మసగ్గా, కుడి ఎడమయ్యి కనిపించేది.

ఆ ఆదివారం మొదటి వరస మధ్య కుర్చీలో గార్డు పైడిరాజు గారు కూర్చోబోతున్నారు. విజయనగరం మనిషి, మా లైన్లో గూడ్సు బండి గార్డు. ఆయన కూతురు సరోజినిని నాకిచ్చే మాట నడుస్తోంది. "కుర్రాడు ప్రయోజకుడో కాదో ఓపాలి సూసి సెప్తాను" అని కబురంపి, భార్యాకూతుళ్లతో దిగారు. అంటే నా పెళ్లి ఆ తెరకి వేలాడుతోందన్నమాట.

ఆ తెరేమో ఎర్రబడిపోయింది. ముందు వారం హీరోయిను సినిమా అంతా జ్వరం వచ్చినట్టే కనబడింది. ఇనుప దుమ్ము బుద్ధే అంత: నీలాన్నీ ఆకుపచ్చనీ మింగేసి ఎరుపు మాత్రం ఉమ్మేస్తుంది, మా పాన్ డబ్బా దగ్గర జనంలాగే. అందుకని పొద్దున్నే మెత్తటి సుద్ద పట్టించాను. ఆ వారమే క్లాసులో చెప్పాను కూడా: "తెలుపంటే గందరగోళంరా! కంటికి ఆనని సుద్ద రేణువులు, మధ్యలో గాలి సందులు, ఒక వరసా పాడూ లేదు. లోపలికెళ్లిన వెలుగు, విశాఖ స్టేషన్లో మొదటిసారి దిగినవాడిలా, అందర్నీ గుద్దుకుని గుద్దుకుని వచ్చిన దారినే బయటపడుతుంది."

సాయంత్రం గాలి లేచింది. ఖనిజం నింపే వైపు నుంచి ఎర్రమబ్బు కదిలింది. గనుల్లో బతికేవాడికి దుమ్ముకి ఒకటే మందు తెలుసు: నీళ్లు. రోడ్లు తడిపే ట్యాంకరు డ్రైవరు సోమయ్యని కేకేశాను. ఎర్రబోరు అనే ఊరి మనిషి, నా మాటంటే గురి.

"సోమయ్యా, మైదానానికి కొట్టావా?"

"కొట్టిన సారూ."

"తెరకి కూడా కొట్టు. పడ్డ దుమ్ము పడ్డట్టే కారిపోతుంది."

"తెరకా? ఏంది సారూ, దానికి తానం చేపిస్తమా?"

"నన్ను పెళ్లికొడుకుని చేసే తెర అది. చేయించు!"

"అట్లయితే చెవుల సందులు గూడ కడుగుత!"

కడిగాడు. సుద్ద సగం కారిపోయింది, మిగతా సగం గుడ్డతో కలిసి కడుపునిండా నీళ్లు తాగింది. చీకటి పడగానే ప్రొజెక్టరు మొదలైంది. తెరకి తెలుపు పోయింది. ఆ తెలుపంతా నా మొహానికొచ్చింది.

"ఏటి మాస్టారూ, సినిమా ఎప్పుడు మొదలెడతారు?" అన్నారు పైడిరాజు గారు.

"మొదలైందండీ. అదిగో, గుర్రం."

"గుర్రమా? నాను బల్లి పాకతందనుకున్నాను!"

ఇంతలో తెర వెనక ఈలలు, చప్పట్లు. సోమయ్య గొంతు అన్నిటికన్నా పైన: "సారూ! ఇయ్యాల మా దిక్కు బొమ్మ మస్తుగుంది! హీరో చెమట గూడ కనవడుతాంది!"

అప్పుడు వెలిగింది నాకు. సందుల్లో గాలి పోయి నీళ్లు చేరాయి. గుద్దుకోవడానికి ఎవరూ లేక వెలుగు దర్జాగా అవతలికి నడిచిపోతోంది. నా పాఠం నాకు తప్ప అందరికీ అర్థమై ఉంటుంది.

పైడిరాజు గారు పంచె ఎగ్గట్టి వెనక్కి నడిచారు. ఆయన వెనకే ఆఫీసర్లు, కుర్చీలు నెత్తిన పెట్టుకుని.

"కుర్చీలు అడ్డమొస్తయి. కూసుంటే కింద కూసోండ్రి," అన్నాడు సోమయ్య.

అందరూ గోనెపట్టాల మీద చతికిలబడ్డారు.

"ఈడేటి, కత్తి ఎడంచేత్తో తిప్పుతున్నాడు?" అన్నారు పైడిరాజు గారు.

"హీరోలు ఎప్పుడూ అంతే బాబూ," అన్నాడు సోమయ్య. "ఏ బొమ్మల జూసినా ఎడంచెయ్యే!"

సరోజిని నవ్వు మొదలెట్టింది. తల్లి మోచేత్తో పొడిచినకొద్దీ ఎక్కువై, గోనెపట్టాలన్నిటికీ అంటుకుంది. చివరికి పైడిరాజు గారు కళ్లు తుడుచుకుంటూ, "ఇంతమందిని నవ్వించినోడు నా పిల్లని ఏడిపించడులే, ఇచ్చేద్దాం," అన్నారు.

ఇచ్చారు సరే, ఊరుకున్నారా! కిరండూల్ నుంచి కొత్తవలస దాకా బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ 'తడితెర అల్లుడు' కథ చెప్పారు. పెళ్లి పందిట్లో కూడా అదే. పీటల మీద నాకూ సరోజినికీ మధ్య అడ్డుతెర పట్టుకున్నారు, ముహూర్తానికి ఇంకా టైముంది, మామగారు చుట్టాలకి బల్లి దాకా చెప్పి పడీపడీ నవ్వుతున్నారు. నాకు దాహమేసింది. గ్లాసుతో నీళ్లు తెప్పించుకున్నాను. పాపం, చెయ్యి జారింది.

అడ్డుతెరగా పట్టిన పల్చటి పంచె అరచేతి మేర తడిసింది. కిటికీ తెరుచుకున్నట్టయింది. అందులో సరోజిని, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటూ.

"ఓలమ్మో! ముహూర్తం కాకుండానే సూసేత్తన్నాడు!" మామగారు కండువాతో తెర తుడవడానికి ఉరికారు.

"తుడిస్తే పోదు మామగారూ. ఆరాలి," అన్నాను, క్లాసులో గొంతుతో.

ఇక ఈ జన్మలో ఏ తెరనీ తడపనని ఆ తర్వాత అగ్నిసాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఆ తడి ఆరేదాకా మాత్రం కళ్లు తిప్పుకోలేదు.