ఉస్తాదు తాతను మార్చాలని పెట్టిన మీటింగు

ఇప్పుడు జట్టు రెండు మ్యాచులు వరసగా ఓడిపోతే చాలు, కోచ్‌ను ఉంచాలా తీసెయ్యాలా అని పేపర్లన్నీ చర్చ మొదలుపెడతాయి. ఆ రోజుల్లో, అంటే మా బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్నప్పుడు, భోపాలపట్నంలో మేమూ సరిగ్గా ఇదే చర్చ పెట్టాం. తేడా ఏమిటంటే మేము రెండు ఓటములతో తొందరపడలేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా ఊరి ఫుట్‌బాల్ జట్టు మా బస్తరులోనే ఉన్న బీజాపూర్ జట్టు చేతిలో ఏటేటా ఓడిపోతూనే ఉంది. నేను పెరిగి పెద్దవాడినై, కలప డిపోలో గుమాస్తాగా కుదురుకుని, అదే జట్టులో గోల్‌కీపర్నై, ఆ ఓటములకు నా వంతు సాయం కూడా అందించాను. (కళ్లజోడు పెట్టుకుని గోల్‌లో నిలబడే మనిషిని మీరు చూసి ఉండరు. నేను జోడును పురికొసతో తల వెనక బిగించి కట్టుకునేవాణ్ణి. బంతి నా దాకా వచ్చే వేళకు అద్దాల మీద చెమట ఆవిరి కమ్మేది. ఆ తర్వాత బంతి ఎటు పోయిందో వెనక నిలబడ్డ ప్రేక్షకులు చెప్పాలి.)

కోచ్ అనే మాట మాకప్పుడు తెలియదు. ఉస్తాదు అనేవాళ్లం. మా ఉస్తాదు పోలీసులో హవల్దారుగా చేసి దిగినాయన. వయసులో ఉండగా జగదల్‌పూర్‌లో దొరలు ఆడుతుంటే కంచె అవతల నుంచి చూసి ఆట నేర్చుకున్నాడట. నౌకరీ అయిపోయి ఊరికొచ్చాక పొలం దున్నుకునే కుర్రాళ్లనూ, ఆఫీసుల్లో రాసుకునే మాలాంటి వాళ్లనూ పోగుచేసి జట్టు కట్టింది ఆయనే. మా ఊళ్లో మొదటి బంతి తన్నింది ఆయన కాలే. భార్య పోయింది. ఒక్క కూతురు తర్లగూడలో అత్తారింట్లో ఉండేది. ఇంటికీ మైదానానికీ తప్ప ఆయన నడక ఇంకెటూ ఉండేది కాదు. ఊరంతా ఉస్తాదు తాత అని పిలిచేవాళ్లు. తాత ఆజ్ఞలు హిందీలో, తిట్లు తెలుగులో, బుజ్జగింపులు మా చుట్టుపక్కల దోర్ల ఆదివాసులు మాట్లాడే దోర్లీలో ఉండేవి. "దౌడో!" అంటే పరుగెత్తాలి. "ఏంది రా, కాళ్లకు మేకులు గొట్టిన్రా?" అంటే ఇంకా గట్టిగా పరుగెత్తాలి. దోర్లీలో మెల్లగా ఏదైనా అన్నాడంటే మనకు దెబ్బ బాగా తగిలిందని అర్థం. ఆయన నేర్పిన విద్య కూడా క్లుప్తమే. పొద్దున్నే ఇంద్రావతి ఇసుకలో పరుగు, ఆ పైన ఒకే ఒక్క పాఠం: "బంతి దొరికితే ముందుకు తన్ను. దొరకకుంటే దొరికినోని ఎంటబడు."

అలా వెంటపడుతూ కాలం గడుపుతుంటే ఆ ఏడు మా దవాఖానాకు వరంగల్ నుంచి కొత్త కంపౌండర్ వచ్చాడు. పొడుగ్గా, తెల్లగా ఉతికిన చొక్కాతో, అన్నిటికన్నా ముఖ్యంగా బూట్లతో వచ్చాడు. మేమంతా వట్టికాళ్లతో ఆడేవాళ్లం. ఒక సాయంత్రం డిపోలో పడున్న టేకు దుంగ మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఎవరు ఎక్కడ నిలబడాలో, ముగ్గురు త్రికోణంగా కదిలితే బంతి ఎలా సాగుతుందో చెప్పాడు. మాకు మతిపోయింది. ఆటలో నిలబడడం కూడా ఉంటుందని మాకప్పుడే తెలిసింది. అందరికన్నా ఎక్కువ ఊగిపోయినవాణ్ణి నేను. కిందటేడు నా చేతుల మధ్య నుంచి వెళ్లిన గోల్స్ అన్నిటికీ త్రికోణాలు లేకపోవడమే కారణమని నాకా దుంగ దగ్గర తేటతెల్లమైంది. ఉస్తాదును మార్చాల్సిందేనని అక్కడే తీర్మానించాం. మా కెప్టెన్ పోలీసు జవాను, మా ఊరి పిల్లను చేసుకున్నందుకు ఊరందరికీ లాఠీ బావ. అతను మాత్రం తల గోక్కున్నాడు.

"అంతా బరాబరే. మరి తాతకు ఎవలు చెప్తరు?"

అందరూ నా వైపు చూశారు. డిపోలో పత్రిక పైకి చదివేవాణ్ణి నేనే. 'కావున', 'ఏతావతా' లాంటి మాటలు తడబడకుండా అనగలవాణ్ణి కూడా నేనే. నాకు లోలోపల గర్వంగానే ఉండింది.

తాతకు తెలియకుండా ఆదివారం సాయంత్రం బడి వరండాలో మీటింగు పెట్టి, అందరం ఒక్క మాట మీద నిలబడి, తర్వాత ఆయనకు చెప్పాలని అనుకున్నాం. నేను రెండు రాత్రులు కూర్చుని ఉపన్యాసం తయారుచేసుకున్నాను. తీరా ఆ సాయంత్రం మేము చేరేసరికి వరండాలో ఉన్న ఒకే కుర్చీలో తాత కూర్చుని ఉన్నాడు. ఊళ్లో ఫుట్‌బాల్ గురించి తాను లేని మీటింగు ఎన్నడూ జరగలేదు కాబట్టి, తనకు చెప్పడం మరిచిపోయామని అనుకున్నాడట. పైగా కండువాలో సారపప్పు కట్టుకొచ్చి తలా పిడికెడు పంచాడు. దాంతో మా వాళ్లందరి నోళ్లూ నిండిపోయాయి. ఖాళీగా ఉన్నది నా నోరొక్కటే.

"ఏంది మీటింగు? చెప్పు గుమాస్తా," అన్నాడు తాత.

లాఠీ బావ పప్పు నములుతూ నేల చూపులు చూస్తున్నాడు. నేను లేచాను. ఎదురుగా మనిషి ఉండగా పేరు పెట్టి అనడం మర్యాద కాదని తోచి, ఉపన్యాసాన్ని అక్కడికక్కడే కొంచెం మెత్తబరిచాను.

"మన జట్టులో ఒకాయన చాలా ఏండ్లుగా ఒక్క జాగలనే ఉన్నడు తాతా."

"ఊఁ."

"ఒకప్పుడు మంచిగనే చేసిండు. కాదని ఎవ్వరం అనం. కానీ కాలం మారింది."

"నిజమే."

"పానం మునుపటి లెక్క లేదు. చూపు కూడ మందగించింది."

"నేను గూడ చూస్తనే ఉన్న బిడ్డా," అన్నాడు తాత, ఎంతో దయగా.

ఆ దయ నాకు ధైర్యాన్నిచ్చింది. "మనం ఓడిపోతున్నమంటే దానికి ఆయన గూడ ఒక కారణం. కావున, ఎవరో తియ్యకముందే ఆయనే ఇజ్జత్‌తో తప్పుకుంటే అందరికీ మంచిదని..."

మాట పూర్తికాకముందే తాత కుర్చీలోంచి లేచి వచ్చి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. నా కళ్లజోడు ఆయన ఛాతీకి ఆనుకుని వంకరపోయింది.

"సూడుండ్రి రా! తన తప్పు తానే ఒప్పుకొని, గోల్ల నుంచి తానే తప్పుకుంటనని పదిమందిల చెప్పే మొగోడు ఇంతవరకు నాకు కనవడలే. కొట్టుండ్రి చప్పట్లు!"

మావాళ్లు కొట్టారు. (అందరికన్నా గట్టిగా లాఠీ బావ కొట్టాడు. ఆ చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.) నేను చెప్పిన మాటల్లో నాకు అతకని మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని అక్కడే నిలబడి వెదికాను. దొరకలేదు. ఇంతలో తాత జట్టు సంగతి కూడా తేల్చేశాడు. "కంపౌండర్ సాబ్ మంచిగ పొడుగున్నడు. సాబ్, రేపటి సంది మీరు గోల్ల నిలవడుండ్రి. గుమాస్తా నా పక్కపొంటి కూసుంటడు." ఉస్తాదు కావడానికి వచ్చిన కంపౌండర్, పొరపాటున వేరే సీసా తాగిన రోగిని చూసినట్టు నన్ను చూశాడు. మీటింగు ముగిసింది.

మర్నాటి నుంచి నేను మైదానం అంచున తాత పక్కన కూర్చోవడం మొదలైంది. ఒక వారం నాకు ఒళ్లు మండుతూనే ఉండింది. ఆ తర్వాత ఒక సంగతి గమనించాను. బంతి మైదానం సగం దాటి అవతలికి వెళ్లిందంటే తాత మెడ నావైపు తిరిగేది. "గుమాస్తా, అటు ఏమైతుంది? ఎవడు కొట్టిండు?" అనేవాడు. మొదట నన్ను పరీక్ష చేస్తున్నాడనుకున్నాను. కాదు. ఆయనకు అవతలి సగం కనిపించడం లేదు. చూపు మందగించిందని నేను ఊరికే అలంకారంగా అన్న మాట ఉన్నమాటేనన్నమాట. నేను చెబుతూ ఉండేవాణ్ణి, ఆయన దాన్ని బట్టి అరిచేవాడు. విచిత్రంగా ఆ అరుపులు సరైనవే అయ్యేవి. మెల్లగా నేను కూడా ఒకటీ అరా నా మాట కలిపేవాణ్ణి. అదీ ఆయన గొంతులోంచి అంతే జోరుగా బయటికి వచ్చేది. నా మాటకు జట్టంతా పరుగెత్తడం చూసుకోవడం నాకు బాగుండేదని వేరే చెప్పక్కర్లేదు.

బీజాపూర్‌లో మ్యాచ్ రోజున డిపో లారీలో బయల్దేరాం. యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే లారీ. దిగేసరికి అందరం నల్లగా ఒక్కలాగే ఉన్నాం. అవతలి జట్టులో ఎక్కువమంది ఆఫీసుల్లో పనిచేసే రాయ్‌పూర్ వైపు హిందీవాళ్లు. సగం ఆట అయ్యేసరికి రెండు వైపులా గోల్ లేదు. అది కూడా మాకు కొత్తే. మావాళ్లు నీళ్లు తాగుతుంటే తాత నా పక్కకు జరిగాడు.

"గుమాస్తా. ఆనాడు మీటింగుల నువ్వు చెప్పింది నా గురించే గదా?"

"నీకు తెల్సా తాతా?"

"చూపు తగ్గింది గని చెవులు మంచిగనే ఉన్నయి."

"మరి నన్నెందుకు వాటేసుకుంటివి?"

"వాటేసుకోకుంటే నువ్వు పేరు చెప్పేటోనివి," అన్నాడు. తర్వాత మైదానం వైపే చూస్తూ, "పేరు చెప్తె పోవాల్నాయె. పోత బిడ్డా, నేనేం పట్టుకొని ఏలాడ. ఈ బీజాపూరోళ్లను ఒక్కపారి ఓడగొట్టంగ చూసి, తెల్లారే పోత. కంపౌండర్ సాబ్‌కు నేనే చెప్త. గంత దాంక ఓపిక పట్టుండ్రి," అన్నాడు.

నేను తలూపాను. తలూపితే ఆయనకు కనిపించిందో లేదో తెలియదు.

రెండో సగంలో మా కంపౌండర్ అటు దూకీ ఇటు దూకీ తెల్ల చొక్కాను మట్టిచొక్కా చేసుకున్నాడు. త్రికోణాల సంగతి అతనికే గుర్తులేదు. ఇంతలో బీజాపూర్ కుడిపక్క ఆటగాడు కుంటడం నాకు కనిపించింది. "తాతా, మన ఎడమదిక్కున వాళ్లోడు కుంటుతున్నడు. అటు జాగంతా ఖాళీ," అన్నాను. మా ఎడమవైపు ఆడేవాడు కుందేలు అని పిలుచుకునే దోర్ల రైతు. హిందీలో అరిస్తే అవతలివాళ్లకు అర్థమైపోతుందని కాబోలు, తాత లేచి నిలబడి దోర్లీలో గావుకేక పెట్టాడు. ఆయన నోట దోర్లీ అంత గట్టిగా మేమెన్నడూ వినలేదు. మావాళ్లంతా ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయి చుట్టూ చూడసాగారు. వాళ్లు ఆగిపోయారు గనక బీజాపూర్‌వాళ్లూ ఆగిపోయి చూడసాగారు. మైదానం మొత్తంలో ఆ మాటల అర్థం తెలిసినవాడు కుందేలొక్కడే. అతను మాత్రం బంతి తీసుకుని, ఖాళీ జాగలో తాపీగా పరుగెత్తుకుంటూ వెళ్లి గోల్ కొట్టి వచ్చాడు. ఇంత సులువైన పనిని ఇన్నేళ్లూ ఎందుకు చేయలేదా అన్నట్టు ఉండింది అతని మొహం.

మిగిలిన ఆటంతా మావాళ్లు గోల్ ముందు గుంపుగా నిలబడి కాపాడుకొచ్చారు. ఆట ముగిసిందని ఈల వేశారు. నేను ఊపిరి వదిలాను. అప్పుడు తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"గుమాస్తా, ఆ గోలు లెక్కల పెట్టిన్రా? గెలిచినమా?"

గెలిచాం అంటే తెల్లారి ఆయన వెళ్లిపోతాడు. తర్లగూడలో కూతురి ఇంటి అరుగు మీద కూర్చుంటాడు. పొద్దున్నే ఇసుకలో ఎవరినీ పరుగెత్తించడు. నేను ఏ ఉపన్యాసమూ తయారుచేసుకోలేదు. నోటికొచ్చింది అనేశాను.

"లేదు తాతా. గోలు ఒప్పుకోలే. బరాబర్ అయ్యింది."

"ఔనా," అన్నాడు తాత. నిట్టూర్చాడో, ఊపిరి తీసుకున్నాడో నాకు తెలియలేదు. ఇంతలో మావాళ్లు లాఠీ బావను ముందు పెట్టుకుని కేకలు వేస్తూ వచ్చి, తాతను అమాంతం భుజాల మీదికి ఎత్తేశారు. కంపౌండర్ కూడా ఒక కాలు పట్టుకున్నాడు. పైనుంచి తాత నావైపు వంగి అరిచాడు:

"బరాబర్ అయితే నన్నెందుకు ఎత్తుకున్నర్రా!"

నేను కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకోవడంలో మునిగిపోయాను.

తాత మాట తప్పలేదు. మర్నాడే కంపౌండర్‌కు పని అప్పగించి బండి కట్టించుకుని తర్లగూడ వెళ్లాడు. మరుసటి ఏడు మేము చక్కటి త్రికోణాలతో ఆడి బీజాపూర్ చేతిలో ఓడిపోయాం, ఆ పై ఏడు గెలిచాం. తర్వాత సంస్థానమూ కలిసిపోయింది, నాకు బదిలీ కూడా అయింది. ఆ మీటింగులో నేను చెప్పిన మాటలన్నీ న్యాయమైనవేనని నాకిప్పటికీ అనిపిస్తుంది. వాటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోను. కాకపోతే అంత దర్జాగా వాటిని చెప్పిన కుర్రాడు, ఊరు ఊరంతా ఎదురుచూసిన గెలుపును ఒక ముసలాయన వెళ్లిపోకుండా ఉంటాడేమోనని ఒక్క మాటతో చెరిపేయబోయాడు. అతన్ని తల్చుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. గోల్‌లో పనికిరాడు గానీ, కుర్రాడు ఫర్వాలేదనిపిస్తుంది.