తలుపు తట్టని ఊరు

మా ఊళ్ళో తలుపు తట్టేది ఇద్దరే: పోలీసు, లేదంటే ఏదో అమ్ముకోవడానికి వచ్చినవాడు. మిగతావాళ్ళంతా పెరటి తలుపు తోసుకుని, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, "ఉన్నారా?" అని కేకేస్తూ నేరుగా వంటింట్లోకి వచ్చేస్తారు. వెర్నా డిక్ అరవై ఎనిమిదేళ్ళూ అలాగే బతికింది. అందులో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు తోలింది. కెనడాలో మా మానిటోబా చలిలో ఒక్క పిల్లనైనా రోడ్డు మీద వదిలేసి పోలేదు. మాట కటువేగానీ మనసు వెన్న. పెనిమిటి పోయాక ఇల్లు బావురుమంటూ ఉండేది. సిరియా యుద్ధం నుంచి పారిపోయిన ఒక కుటుంబాన్ని రప్పించుకుందామని చర్చిలో పాస్టరుగారు అనగానే అందరికంటే ముందు చెయ్యెత్తింది.

"నీకెందుకు వదినా ఈ గొడవ? హాయిగా ఇంట్లో కూర్చోక!" అంది ఆడపడుచు లియోనా.

"మన తాతలు రష్యా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిననాడు ఇక్కడివాళ్ళూ 'మాకెందుకీ గొడవ' అనుకుని ఉంటే, నువ్విక్కడ కూర్చుని నా కాఫీ తాగుతూ నాకే నీతులు చెప్పేదానివా?"

పదకొండు కుటుంబాలు కలిసి, ఏడాది పాటు వాళ్ళ మంచిచెడ్డలన్నీ మావేనని ప్రభుత్వానికి సంతకాలు పెట్టి ఇచ్చాయి. ఇల్లు అద్దెకు తీసుకుని మంచాలు, కోట్లు, గిన్నెలు అమర్చారు. జనవరిలో బాసెల్, అతని భార్య నుహాద్, ఏడేళ్ళ కూతురు రీమ్ దిగారు.

ఇంక వెర్నా కాలు నిలుస్తుందా! రోజూ పొద్దున్నే వేడి బన్నులు పట్టుకుని పెరటివైపు నుంచి వెళ్ళేది. తాళం వేసి ఉంటే తన దగ్గరున్న తాళంచెవితో తీసుకునేది. ఫ్రిజ్‌లో పాలు సర్దేది, హీటరు పెంచేది, ఆరిన బట్టలు కనిపిస్తే మడతపెట్టేసేది. నుహాద్ నవ్వి "థాంక్యూ" అనేది. ఆ నవ్వు చూస్తే చాలు, వెర్నాకు కడుపు నిండిపోయేది.

మూడోవారంలో ఒకనాడు తాళం తీసి తోస్తే తలుపు కదల్లేదు. కిటికీలోంచి తొంగిచూస్తే లోపల సోఫా అడ్డం పెట్టి ఉంది.

"చూశావుటే లియోనా! ఇంత చేస్తే నా మొహానికి సోఫా అడ్డం పెట్టారే!" అని ఆ రోజంతా కుమిలిపోయింది. పుండు మీద కారం చల్లినట్టు, బాసెల్ పాస్టరుగారి దగ్గరికెళ్ళి, ఒంటారియోలో ఉన్న తన బంధువుల దగ్గరికి పోతామని సైగలతో, వచ్చీరాని ఇంగ్లీషుతో చెప్పాడట. వెర్నా అప్పటికే రీమ్‌కు వేసవిలో ఈత నేర్పాలని మనసులో అనుకుని ఉంది.

పాస్టరుగారు అందరినీ చర్చిలో కూర్చోబెట్టి, విన్నిపెగ్‌లో ఉన్న దుబాసీకి ఫోను కలిపారు. నుహాద్ తలొంచుకుని చాలాసేపు మాట్లాడింది. దుబాసీ ఆవిడ ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది.

"వాళ్ళ ఊళ్ళో ఓ పొద్దున తుపాకులవాళ్ళు ఇలాగే తట్టకుండా తలుపు తోసుకుని వచ్చారటండీ. ఈమె తమ్ముణ్ణి పట్టుకుపోయారు. మళ్ళీ కనబడలేదు. ఇక్కడ తలుపు చప్పుడైతే చాలు, పాప బల్ల కిందకి దూరిపోతోందిట. వచ్చేది వెర్నాగారని తెలుసు. తెలిసినా దూరుతోందిట."

"అయ్యో దేవుడా! మరి నాతో ఒక్కమాట అనచ్చు కదమ్మా!"

"ఇల్లు మీది, మంచం మీది, తినే తిండి మీది. మిమ్మల్ని రావద్దని ఏ నోటితో అనను అంటోందండీ."

వెర్నాకు తల కొట్టేసినంత పనైంది. కోటు తొడుక్కుని బయటికి నడిచింది. ఆ ఇంటి తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో ఆరా తీస్తే తనదాంతో కలిపి ఐదు తేలాయి. ఒకటి లియోనా దగ్గర కూడా ఉంది.

"నీకెందుకే?"

"ఏమో వదినా, ఎందుకైనా మంచిదని అందరూ పుచ్చుకుంటుంటే..."

"ఇటు తే!"

గంటలో చర్చికి తిరిగొచ్చి ఐదూ నుహాద్ అరచేతిలో పోసింది. "ఇంక మీరు తీస్తేనే తలుపు. మేము తడతాం. వద్దంటే వెనక్కి పోతాం. ఇది చెప్పండమ్మా," అంది ఫోనుకేసి. నుహాద్ వాటిని గుప్పెట బిగించి పట్టుకుంది. బాసెల్ మాత్రం ఒంటారియో ప్రయాణం సంగతి "చూద్దాం" అన్నాడంతే.

వారం దాటాక వెర్నా బన్నులు తీసుకుని ఆ ఇంటికి వెళ్ళింది. లియోనా కారులో కూర్చుంది. చలి సున్నాకి ఇరవై ఎనిమిది డిగ్రీల కింద. వెర్నా చెయ్యి అలవాటుగా తలుపు పిడి మీదికి పోయింది. నాలుక కరుచుకుని వెనక్కి తీసుకుంది. ఎంత గట్టిగా తట్టాలో కూడా తెలియదు పాపం! ఉన్ని చేతితొడుగుతో తడితే చప్పుడే కాలేదు. తొడుగు తీసి మళ్ళీ తట్టింది.

కిటికీ తెర తొలగింది. నుహాద్ తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. వెనకాల బల్ల దగ్గర రీమ్ ఏదో బొమ్మ గీసుకుంటోంది. తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ గీసుకోసాగింది.

"వెర్నా, ఈరోజు వద్దు. పని ఉంది," అంది నుహాద్ అద్దం అవతలి నుంచి. "రేపు రా."

నవ్వలేదు, థాంక్యూ అనలేదు. తెర వేసేసింది.

వెర్నా బన్నులతో తిరిగొచ్చి కారెక్కింది. కనురెప్పల మీద కన్నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి.

"ఏమైంది వదినా? తలుపు తియ్యలేదా?"

"లేదే! పొమ్మంది," అంది వెర్నా ముఖమంతా వెలిగిపోతుండగా. "ఎంత ధీమాగా పొమ్మందనుకున్నావ్!"