ట్రెక్‌కి కట్టిన నా ఎడ్లు

మా అమ్మాయికి నా మీద ఉన్న గౌరవంలో సగం రెండు ఎడ్ల వల్ల వచ్చింది. ఆ ఎడ్లు ఎప్పుడూ లేవు.

మేముండే ఇర్వింగ్‌లో హైవే మీద కార్లు బారులు తీరినప్పుడల్లా వెనక సీట్లో విసుక్కునే పిల్లకి కథలు చెప్పడం నా వంతు. చిన్నప్పుడు ఎడ్లబండి తోలేవాణ్ణని, ఓసారి నేను నిద్రపోతే ఎడ్లే నన్ను బడి దగ్గర దింపి సాయంత్రం దాకా గేటు బయట నిలబడ్డాయని చెప్పాను. నేను పెరిగింది విజయవాడలో, మూడో అంతస్తులో.

ఇప్పుడు తను ఐదో క్లాసు. ఒక్కొక్కరూ ఒక మాట తీసుకుని దాని చరిత్ర చెప్పాలట. తను ట్రెక్ తీసుకుంది. అది కొండలెక్కేవాళ్ల మాటనుకున్నాను. కాదని చదివి వినిపించింది. డచ్చి భాషలో లాగడమట. దక్షిణాఫ్రికాలో రైతులు ఇల్లంతా ఎడ్లబండ్లకెక్కించి దూరాలు పోయేవారు. వాళ్ల ఆఫ్రికాన్స్‌లో ఆ ప్రయాణమే ట్రెక్. కాడి కట్టిన చోటు నుంచి విప్పే చోటు దాకా నడిచిన దూరమూ ట్రెక్కే. అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకొచ్చింది. మనవాళ్ల మజిలీ లాంటిదన్నమాట అన్నాను. రాసుకుంది.

"డాడీ, టీచర్‌కి చెప్పేశా. ఫ్రైడే నువ్వొచ్చి ఆక్సెన్‌ని ఎలా కడతారో చూపించాలి," అంది.

మా తెలుగు చర్చిలో ఒక పెద్దావిడ ఉన్నారు. గుంటూరు వైపు పల్లెలో వాళ్ల నాన్న బండిని నిజంగానే తోలిన మనిషి. బుధవారం ప్రార్థన కాగానే ఆవిడ వెంట వాళ్లింటికెళ్లాను. రెండు డైనింగ్ కుర్చీలు ఎడ్లు, మాప్ కర్ర కాడి. చెప్పినట్టే తాళ్లు బిగించి వెనక్కి జరిగాను.

"నీ ఎడ్లు బండికేసి చూస్తన్నాయి బాబూ," అన్నారావిడ.

సంగతంతా చెప్పాను. నవ్వుతారనుకుంటే నవ్వలేదు.

"అక్కడెవరో పిల్లోడు ప్రశ్నేస్తే తలొంచుకునేది నువ్వు కాదు, నీ కూతురు. ముందే చెప్పెయ్."

శుక్రవారం స్కూల్‌కి పోతూ కార్‌లో చెప్పేశాను. రెండు ఎగ్జిట్లు దాటాక అడిగింది:

"స్కూల్ బయట వెయిట్ చేసిన ఆక్సెన్ కూడానా?"

"అవి కూడా."

"అవంటే నాకిష్టం," అని కిటికీ వైపు తిరిగింది.

క్లాసులో తను లేచి, మా నాన్న ఎప్పుడూ బండి తోలలేదు, చర్చి ఆంటీ దగ్గర బుధవారమే నేర్చుకున్నాడు, కాబట్టి ఈయన ఎద్దు అని ప్రకటించింది. నా మెడ మీద మాప్ కర్ర పెట్టింది. రెండో ఎద్దుగా టీచరే వచ్చి నిలబడ్డారు. లైబ్రరీ పుస్తకాల బండిని మా వెనక కట్టి, లాగమంది. లాగాం. టీచర్ని వెంటనే విప్పేసింది. పిల్లల ప్రశ్నలన్నీ అయ్యేదాకా నన్ను మాత్రం అలాగే ఉంచింది. విప్పమని కళ్లతోనే అడిగితే, మజిలీ ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం మళ్లీ హైవే, మళ్లీ కదలని కార్లు. నేను బుద్ధిగా నోరు మూసుకుని కూర్చున్నాను. వెనక నుంచి చాలాసేపటికి అడిగింది:

"సాయంత్రం దాకా గేట్ బయట అవి ఏం తిన్నాయి?"