వైవా నాటి చాక్లెట్ పాలు

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నేనూ నా స్నేహితురాలూ తార్నాకలో ఒక ఇంటి పై గదిలో అద్దెకు ఉండేవాళ్లం. ఆమెది సిద్దిపేట వైపు పల్లె. మక్కలు పండించే ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఆమె ఒక్కతే. తీరా వైవా రోజు పొద్దున లేచేసరికి ఆమె గొంతు పూర్తిగా పోయింది.

"మాట వస్తలేదు. సార్లు అడిగితే ఏం చెప్పాలె?" అంది గుసగుసగా. కళ్లలో నీళ్లు.

కషాయం ఆమెకు పడదు, చాక్లెట్ అంటే ప్రాణం. రెండూ కలిపేద్దామని ముందుగా వేడి పాలల్లో కోకో పొడి గుమ్మరించాను. వెంటనే ఉండలు కట్టింది. వాటిని నలిపే హడావిడిలో అడుగు మాడింది.

ఆ వాసనకి కింది నుంచి ఇంటి ఓనరు ఆంటీ వచ్చారు. కాకినాడ ఆవిడ, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. గిన్నెలోకి తొంగి చూసి, "రాగిజావ ఎప్పుడూ కాయలేదేంటమ్మా? పొడిని ముందు చల్లటి పాలల్లో కలుపుకోవాలి. జరుగు" అన్నారు.

మసాలా చాక్లెట్ పాల తయారీ నేను ఫోన్లో చూసి చెబుతుంటే, దాల్చినచెక్క, లవంగాలు, మిరియాలు, శొంఠి దంచి వేరే పాలల్లో మరిగించి వడగట్టారు. చల్లటి పాలల్లో కలిపిన కోకో పొడి పోసి, నేను దాచుకున్న చాక్లెట్ అంతా తుంచి వేశారు. చిటికెడు కారం అని నేను చదివేసరికి మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది.

"పాలల్లో కారమేంటమ్మా?"

"ఇందులో అలాగే ఉందండీ."

"ఏమో, మీ చదువులు మీకే తెలియాలి" అంటూ వేసేశారు.

చిక్కగా, నల్లగా నిగనిగలాడుతున్న ఆ పాలు ఒక గుక్క తాగి, నా స్నేహితురాలు నుదుటి చెమట తుడుచుకుంది. "గొంతుల మండుతున్నది. గానీ మస్తున్నది" అంది, ఈసారి కాస్త వినపడేలా.

మిగిలింది ఫ్లాస్కులో పోసుకుని ఆటోలో క్యాంపస్‌కి వెళ్లాం. ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పేముందు ఆమె ఒక గుక్క తాగేది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సగంలో ఆగి, "ఏంటమ్మా అది, ఘుమఘుమలాడుతోంది?" అని అడిగారు. మూతలో పోసి ఇచ్చింది. ఆయన తాగి, దగ్గి, అంతా అయ్యాక ఇంకొంచెం ఉందా అన్నారు.

డాక్టరేట్ ఇస్తున్నామని చెప్పగానే ఆమె బయటికి పరుగెత్తి వాళ్లమ్మకి ఫోన్ చేసింది.

"ఎవలు మాట్లాడేది?" అంది వాళ్లమ్మ, ఆ బొంగురు గొంతు పోల్చుకోలేక.

నవ్వుతూ ఫోను నా చేతిలో పెట్టింది. "మీ బిడ్డేనమ్మా. డాక్టరైంది" అని నేనే చెప్పాను.