కంట్లో ఇనుప రజను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉందంటే నమ్మేదాన్ని కాదు. మెకానికల్ డిప్లొమా అప్పుడే పూర్తయింది. అత్వెల్లిలో రోడ్డు పక్కన మా మేనమామకు కొలిమి, గ్రైండింగ్ మిషన్ ఉండేవి. ఉద్యోగం దొరికేదాకా అక్కడ పని నేర్చుకుంటానని (నిజానికి ఆయనకే నేర్పుదామని) చేరాను. పక్కలు కూడా మూసుకుపోయే పెద్ద కళ్లజోడు పెట్టుకుంటే గానీ మామ పని మొదలుపెట్టేవాడు కాదు. అచ్చం కప్పలా కనిపించేవాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. దాన్ని గోడకు తగిలించి, మేడ్చల్‌లో ముచ్చటపడి కొన్న చలువ కళ్లద్దాలు పెట్టుకునేదాన్ని.

"గవి సోకుకు బిడ్డా. పక్కలకెల్లి రవ్వ వస్తే ఎట్ల?" అనేవాడు మామ.

"రవ్వ ఎటు పోతదో నాకు ఎర్కే మామా, సదువుకున్న" అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం గొడ్డలికి సాన పడుతుంటే ఆ రవ్వ అద్దం పక్కనుంచి తిన్నగా నా కుడి కంట్లోకి వచ్చింది. నలుపుకోబోయాను. మామ రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. "నలపకు! ఇంక లోపలికి దిగుతది." కన్ను మీద కాగితపు చాయ్ కప్పు బోర్లించి, టేపు అంటించి, బండి మీద మేడ్చల్ తీసుకుపోయాడు. దారిలో బండి ఆగినచోట ఒక అవ్వ, "కన్నుకు చాయ్ తాపిస్తున్నవా బిడ్డా?" అంది. ఏడుస్తూనే నవ్వాను. మామ మాత్రం నవ్వలేదు.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, యంత్రంలోంచి చూస్తూ సన్నటి సూదితో ఏదో తీసింది. "నల్లగుడ్డు మీదనే ఉండె. నడిమికి రాలేదు, అదృష్టం" అంటూ దూదికి అంటిన ఇనుప రజను చూపించింది. నువ్వుగింజలో పదోవంతు కూడా లేదు.

కన్ను మానాక, కప్ప కళ్లజోడు పెట్టుకుని బుద్ధిగా వెళ్లాను. మామ కొలిమి దగ్గరికి పిలిచాడు. "ఇనుము రంగు సూడు." నల్లటి కడ్డీ మెల్లగా ముదురెరుపుకు తిరిగింది. తర్వాత నారింజ. ఆ తర్వాత, ఇనుములోపల పొద్దు పొడిచినట్టు పసుపు. ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను.

"గీ రంగు రాంగనే దెబ్బెయ్యాలె. నలభై ఏండ్లసంది కండ్లతోనే సదువుతున్న. ఇగ సుత్తె ఎత్తు, సల్లారుతాంది!" మామ రెండుసార్లు అరిస్తే గానీ కదల్లేదు.

ఇప్పుడు ఆ డిప్లొమా పిల్ల గుర్తొస్తే తిట్టాలనిపించదు. ఆ పసుపును మొదటిసారి చూడబోతోంది కదా అని, కాస్త అసూయగా ఉంటుంది.