సర్కారీ జెండాకు జొన్నరొట్టె

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి నడిచే బస్సు మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. అది మనుషుల్ని మోసిన దూరం కంటే మనుషులు దాన్ని తోసిన దూరమే ఎక్కువ. ఆ ఒక్కరోజు అది వేళకు వచ్చి ఉంటే నేను రాజ్యానికి అపచారం చేసేవాణ్ణి కాను. మీకు నవ్వుకోవడానికి ఏమీ మిగిలేదీ కాదు.

నిజాం రోజులు. ఎల్లారెడ్డి బడిలో నాది మూడు నెలల కచ్చా నౌకరీ. తనిఖీ సాబు సంతకం పెడితే పక్కా. తెల్లారితే తనిఖీ అనగా బడి జెండాను ఎలుకలు కొరికేశాయి. పట్నంలో కాలేజీ చదివినవాణ్ణని కొత్తది కుట్టించే భాగ్యం హెడ్‌మాస్టరు నాకిచ్చారు. పసుపు గుడ్డ ఊళ్లోనే దొరికింది. నడిమి గుండ్రానికి కావలసిన తెల్ల పట్టుగుడ్డ మాత్రం ఆ బస్సుతో పాటు దారిలో ఆగిపోయింది.

"నడుమల గా గుండ్రం ఏంది పంతులూ, చందమామనా?" అన్నాడు దర్జీ సాయిలు.

"కాదు, రొట్టె. ఎనకట ఒక ఫకీరు నిజాం మూలపురుషునికి పసుపు గుడ్డల కుల్చాలు కట్టిచ్చిండట. ఏడు తిన్నందుకు ఏడు తరాల రాజ్యమొచ్చిందంటరు."

"రొట్టెనా!"

అక్కడే నా చదువు పనిచేసింది. రొట్టె గుర్తు కంటే రొట్టే గొప్పది కదా? నేను అద్దెకుండే ఇంటి పోచవ్వను అడిగి ఒక జొన్నరొట్టె తెచ్చి, ఎండబెట్టి, సాయిలు చేతిలో పెట్టాను.

"సూది దిగుతలేదు పంతులూ!"

"దబ్బనం తియ్యి."

మర్నాడు జెండా లేచింది. సాబు సలాము చేశాడు, అందరం చేశాం. అప్పుడొచ్చింది మొదటి కాకి. అది రుచి చూసి తన బలగాన్ని పిలిచింది.

"ఆ పక్షులేంది?" అన్నాడు సాబు.

"సర్కారంటే అభిమానం, సాబ్," అన్నాను.

ఇంతలో ఒక ముక్క ఆయన కుచ్చు వేలాడే రూమీ టోపీ మీద రాలింది. సలాము చెయ్యి దించకుండానే రెండో చేత్తో తీసి వాసన చూశాడు.

"యే... జొన్నలా?"

"జొన్నలే, సాబ్."

"కాకుల్ని కొట్టుండ్రి!"

హెడ్‌మాస్టరు అడ్డమొచ్చారు. "జెండా మీదికి రాళ్లిసురుడా సాబ్? జేల్ల పడ్తం!"

"అయితే దించుండ్రి!"

"మీ సలాము నడుస్తుండంగనా, సాబ్?"

చెయ్యి దించితే జెండాకు అవమానం. దించకపోతే కాకులకు సలాము. మొత్తం బడి అలాగే నిలబడింది. కాకులు తొందరపడే రకం కావు.

సాబు రిపోర్టులో కాకుల మాట రాయలేదు. రాస్తే తాను సలాము చేసిందెవరికో కూడా రాయాలి. నా గురించి మాత్రం ఒక్క వాక్యం రాశాడు: "ఇతని అవసరం లేదు."

పరుపు చుట్టుకుంటూ పోచవ్వ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను. "అవ్వా, నువ్వే సాక్షి. ఇగ నుంచి ఏ రాజ్యపు గుర్తునైనా బొమ్మతోనే సరిపెడ్త. సింహం గుర్తున్న రాజ్యంల నౌకరి దొరికినా సరే, బొమ్మే!"

పోచవ్వ పొయ్యి ఊదడం ఆపి నన్ను కిందినుంచి మీదికి చూసింది.

"గింత తెల్వి రానీకె పట్నంల నాలుగేండ్లు సదివినవా, పంతులూ?"